చలి కాదు... గాలి!

బీర్కూర్‌లోని ఆ వీధివాళ్లకు నెల రోజుల పాటు అలారం గడియారం అవసరం లేకపోయింది. తెల్లవారుజామున అయిదయ్యేసరికి లారీ సెల్ఫ్ మోగేది. పది సెకన్లు మోత, కాసేపు నిశ్శబ్దం, మళ్లీ పది సెకన్లు. రెండో మోతకు ఎదురింటి ముసలాయన దుప్పటి తీసేవాడు. మూడో మోతకు పక్కింటి పసిపిల్ల ఏడుపు అందుకునేది. డ్రైవరు భార్య మాత్రం మొదటి మోతకే లేచి స్టవ్వు మీద చాయ్ నీళ్లు పెట్టేది. అవి మరిగి, పాలు పోసి, వడగట్టి, ఆయన తాగి, గ్లాసు కడిగి బోర్లించాక కూడా బండి అక్కడే ఉండేది.

ఒక్కసారి అందుకుందంటే ఇక దానికి తిరుగులేదు. రోజంతా రైలింజనులా లాగేది. మధ్యలో అరగంట ఆపి తీసినా ఒక్క సెల్ఫ్‌కే 'భుర్రు'మనేది. పొద్దుగాల మాత్రం సతాయింపు. "మా ఆయన లెక్కనే ఉన్నది, లేవనంతసేపే కష్టం" అని డ్రైవరు భార్య నవ్వేది. మొదటి వారం ఆయన కూడా నవ్వాడు.

అది టాటా ఆరు చక్రాల పాత బండి. లోపల ఆరు సిలిండర్ల 697 ఇంజను. డ్రైవరే ఓనరు. పదహారేళ్ల వయసులో బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలే లారీ మీద క్లీనరుగా ఎక్కాడు. స్టీరింగు పట్టడం ఆ దారిలోనే నేర్చుకున్నాడు. 2015 చివర్లో ఆ ఫ్యాక్టరీ మూతపడేనాటికి ఆయన చెరకు మానేసి ధాన్యం లోడుల్లోకి వచ్చేశాడు. నిజాంసాగర్ నీళ్లు పారే సీమలో వరికి కొదవేముంది? మంజీర మీద 1931లో ఆ ప్రాజెక్టు పూర్తయిన నాటి నుంచి బాన్సువాడ, బీర్కూర్, వర్ని, కోటగిరి మాగాణులు లారీలకు పని తక్కువ చేయలేదు. కోతలు మొదలైతే చాలు, కొనుగోలు కేంద్రం నుంచి మిల్లుకు, మిల్లు నుంచి కేంద్రానికి తిరగడమే. 40 కిలోల బస్తాలు 250 ఎక్కితే పది టన్నులు. రోజుకు రెండు ట్రిప్పులు పడితే ఇంటి ఖర్చులు, ఫైనాన్సు కిస్తీ వెళ్లిపోతాయి. ఒక్కటే పడితే కిస్తీ ఆగుతుంది.

సరిగ్గా వానకాలం పంట చేతికొచ్చే కార్తీకంలోనే బండికి ఈ జబ్బు పట్టుకుంది.

బండి స్టార్టు కాకపోతే ఊళ్లో ప్రతివాడూ వైద్యుడే. నిప్పు చుట్టూ కూర్చుని చలి కాగే హమాలీల దగ్గర్నుంచి పాలు పోసి వచ్చేవాళ్ల దాకా తలా ఒక మందు చెప్పారు. "చలికి డీజిలు గడ్డకట్టుతది కాకా" అన్నాడొకడు. "బ్యాటరీ పోయింది, మార్చు" అన్నాడు ఇంకొకడు. ఆయన బ్యాటరీలు మార్చాడు. రూ.18 వేలు. పాతవాటిని దుకాణంవాడే తీసుకున్నాడు. విచిత్రంగా బండి నయమైంది! నాలుగు రోజులు రెండో మోతకో మూడో మోతకో అందుకుంది. అయిదో రోజు మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి సెల్ఫ్ మోటారు విప్పించి బుష్‌లు, కార్బన్లు మార్పించాడు. రూ.3,500. మళ్లీ మూడు రోజులు కాస్త నయం, మళ్లీ మామూలే. నాజిళ్లు తీయించి ప్రెషరు చూపించాడు. రూ.6 వేలు. దాంతో అసలేమీ మారలేదు.

చివరికి ఒక షెడ్డులో మాట తేల్చేశారు. "కంప్రెషన్ లేదు. హాఫ్ ఇంజన్ దించాలె. రింగులు, బేరింగులు, లైనర్లు... లక్ష దగ్గర పెట్టుకో." అదే రోజు తుక్కు కొనేవాడు కూడా వచ్చి బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి వెళ్లాడు. వాడికెవరు చెప్పారో!

ఈ కథలో ఎవరూ మోసం చేయలేదు. ఒక్క నాజిళ్ల పని తప్ప ప్రతి మరమ్మతూ కొంచెం పనిచేసింది. అసలు ముప్పంతా అక్కడే వచ్చింది. వేసిన మందు కొంచెం పనిచేస్తే రోగం అదేనని నమ్ముతాం. అది తగ్గకపోతే మోతాదు పెంచుతాం తప్ప రోగం వేరేదేమోనన్న అనుమానం రాదు.

డబ్బులు పోయాయి సరే, ట్రిప్పులూ పోవడం మొదలైంది. కేంద్రం దగ్గర లారీల వరస పొద్దున ఆరింటికి మొదలవుతుంది. ఏడున్నరకు వెళ్లినవాడికి సాయంత్రమే లోడు. ఒక శుక్రవారం అలాగే ఆలస్యమైంది. ఆ రోజు ఆయన ఎత్తాల్సిన రాశి ఒక పెద్దాయనది. రెండెకరాల పంట. పది రోజులుగా ఆరబోసి, కుప్ప చేసి, తేమ 17 శాతం లోపుకు తెచ్చి, తూకం కూడా అయిపోయి లారీ కోసం కూర్చున్నాడు. సాయంత్రానికి మబ్బు పట్టింది. రాత్రి వాన పడింది. టార్పాలిన్ కప్పినా కింది వరస బస్తాలు తడిశాయి. శనివారం పొద్దున వాటిని విప్పి మళ్లీ ఆరబోస్తూ కనిపించాడు పెద్దాయన. డ్రైవరు తల దించుకుని వెళ్లి నిలబడితే ఒక్క మాట అనలేదు. "నువ్వేం జేస్తవ్ బిడ్డా, బండి కదా" అన్నాడంతే. తిట్టి ఉంటే బాగుండేదని డ్రైవరు ఇంటికొచ్చి భార్యతో అన్నాడు.

ఆ రాత్రి నుంచే బండిని కాలువ కట్ట మీద పెట్టడం మొదలుపెట్టాడు.

పల్లం చూసి బండి పెట్టడం పాత డ్రైవర్లందరికీ తెలిసిన విద్యే. చక్రాల కింద రాళ్లు పెట్టి పడుకోవడం, పొద్దున రాయి తీయగానే బండి దొర్లడం, రెండో గేరులో క్లచ్ వదలగానే ఇంజను తిరిగి అందుకోవడం. యాభై గజాల దిగుడు చాలు. పని జరిగింది కూడా. అయితే ఇందులో ఒక ప్రమాదం ఉంది. రాత్రంతా ఆగి ఉన్న పాత లారీలో బ్రేకుల గాలి ట్యాంకు దిగిపోయి ఉంటుంది. ఇంజను తిరిగి కంప్రెసరు నింపితే తప్ప బ్రేకు పెడలు కింద బలం ఉండదు. అంటే పది టన్నులు మోసే ఇనుము పల్లంలోకి కదిలేది సరిగ్గా దాన్ని ఆపే శక్తి లేని సమయంలోనే. చేతి బ్రేకు సంగతి చెప్పుకోకపోవడం మంచిది. ఆ బండికి అది ఎప్పుడో అరిగిపోయింది. దాన్ని బాగుచేయించకపోవడం మాత్రం ఆయన తప్పే.

నాలుగో రోజు తెల్లవారుజామున క్లీనరు కుర్రాడు రాయి తీయడానికి వంగాడు. పందొమ్మిదేళ్లవాడు, చురుకైనవాడు. ఒక రాయి తీసి రెండోదాని మీద చెయ్యి వేసేలోపే బండి కదిలింది. వాడు వెనక్కి దూకాడు. కాలు బయటపడింది, చెప్పు పడలేదు. బండి ముందుకు పోయి, స్టార్టయి, కట్ట కింద ఆగింది. డ్రైవరు దిగి పరుగెత్తుకొచ్చేసరికి కుర్రాడు మట్టిలో కూర్చుని అప్పడంలా అణిగిన చెప్పును చేతిలో పట్టుకుని చూస్తున్నాడు. ఇద్దరికీ మాట రాలేదు.

మధ్యాహ్నం కుర్రాడి తల్లి ఇంటి ముందుకొచ్చింది. అరవలేదు. "అన్నా, నీ బండి మంచిగైనంక చెప్పు. అప్పుడు పంపిస్త" అని ఆ చెప్పును గడప దగ్గర పెట్టి వెళ్లిపోయింది.

అప్పుడు గుర్తొచ్చాడు బాన్సువాడ ఉస్తాద్.

అరవై అయిదు దాటిన మనిషి. షెడ్డు కొడుకులకు అప్పగించాడు. కంటి ఆపరేషన్ అయ్యాక పనిముట్లు పట్టడం తగ్గించాడు గానీ, పొద్దున పూట కుర్చీ వేసుకుని షెడ్డులోనే కూర్చుంటాడు. డ్రైవరు బండి తీసుకుని వెళ్లి కథంతా చెప్పాడు. ఆయన కుర్చీలోంచి లేవలేదు.

"బండి ఇప్పుడు నడుసుకుంట వచ్చింది కదా?"

"వచ్చింది ఉస్తాద్."

"మరి నేనేం చూడాలె? జరమొచ్చినోణ్ని జరమున్నప్పుడు చూడాలె గని, తగ్గినంక డాక్టరు కాడికి తీసుకపోతే ఏం కనబడతది? రాత్రి ఆపు. పొద్దుగాల నేనొచ్చేదాకా చెయ్యి పెట్టకు. సెల్ఫ్ గూడ కొట్టకు."

నెల రోజుల్లో ఆ బండిని చూసిన వాళ్లెవరూ అది మొండికేస్తున్నప్పుడు చూడలేదు. అందరి దగ్గరికీ అది హాయిగా నడిచి వెళ్లింది, అందరూ విని ఊహించి చెప్పారు. ఈ ఒక్క మాట ఎవరికీ తట్టలేదు.

మర్నాడు నాలుగున్నరకే చిన్నకొడుకు మోటారు సైకిలు వెనక కూర్చుని, చెవులకు మఫ్లరు చుట్టుకుని ఉస్తాద్ దిగాడు. చేతిలో గుడ్డసంచి. అందులో మూడు పానాలు, ఒక పేచ్‌కస్, టార్చిలైటు, మీటరు పొడుగు తెల్లటి పారదర్శక పైపు. అంతే. చాయ్ తాగుతూ ముందు ప్రశ్నలు వేశాడు. ఎప్పటి నుంచి? దసరా అయినంక. డీజిలు ఎక్కువ తాగుతున్నదా? లేదు. ఇంజనాయిలు తగ్గుతున్నదా? లేదు. లోడు మీద పొగ? మామూలే. ఆఖర్న ఒకటి అడిగాడు.

"మధ్యాహ్నం ఎండల ఎప్పుడన్నా సతాయించిందా?"

డ్రైవరు ఆలోచించాడు. ఒకసారి సతాయించింది. కాదు, రెండుసార్లు. మిల్లు దగ్గర దింపుడు ఆలస్యమై మూడు గంటలు ఆపినప్పుడు. ఎండ మండిపోతోంది. అప్పుడూ ఇదే తంతు.

"మరి చలి అంటరేందయ్యా అందరు!" అని నవ్వాడు ఉస్తాద్. "చలికే డీజిలు గడ్డకట్టేటట్లయితే లడఖ్‌ల మిలిటరీ బండ్లు ఎట్ల నడుస్తున్నయ్?"

లడఖ్‌కు వేరే డీజిలే ఉంది నిజానికి. మైనస్ 33 డిగ్రీల వరకూ పారే శీతాకాలపు డీజిలును ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో అక్కడ ప్రవేశపెట్టింది. అయినా ఉస్తాద్ మాటలో తప్పు లేదు. డీజిల్లో మైనం పేరుకోవాలంటే మంజీర ఒడ్డు చలి సరిపోదు. చలి చేసే చెరుపు వేరు. ఆయిలు చిక్కబడి ఇంజను బరువుగా తిరుగుతుంది, బ్యాటరీ బలం తగ్గుతుంది, సిలిండరు గోడలు వేడిని లాగేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న ఇంజను వీటిని లెక్కచేయదు.

డీజిలు ఇంజనుకు నిప్పురవ్వ ఉండదు. పెట్రోలు బండికి ప్లగ్గు ఎంతో దీనికి వేడిగాలి అంత. పిస్టను పైకొచ్చి గాలిని ఇంచుమించు పదిహేడో వంతుకు నొక్కేస్తే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ గాలిలోకి డీజిలు మంచులా చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. సైకిలు పంపు గబగబా కొడితే అడుగున చెయ్యి కాలినట్లుంటుందే, అదే సూత్రం. రుడాల్ఫ్ డీజిల్ దీన్ని 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించాడు. 1913లో ఇంగ్లండు వెళుతూ ఓడ మీంచి మాయమైపోయాడు పాపం. ఆయన పోయినా ఆయన పెట్టిన షరతులు మూడూ మారలేదు. ఇంజను చాలినంత వేగంగా తిరగాలి, గాలి చాలినంత నలగాలి, సమయానికి డీజిలు చేరాలి. ఈ మూడింటిలో ఏది తప్పిందో చెప్పడమే మిస్త్రీ పని.

ఉస్తాద్ వెళ్లి సైలెన్సరు వెనక నిలబడ్డాడు. టార్చి వేసి పొగ గొట్టం మూతి మీద పెట్టాడు. "ఇప్పుడు కొట్టు" అన్నాడు.

సెల్ఫ్ తిరిగింది. చురుగ్గానే తిరిగింది, కొత్త బ్యాటరీలాయె. పది సెకన్లు. "ఆపు."

"ఏం గనబడ్డది?" అని అడిగాడు. ఎవరికీ ఏమీ కనబడలేదు. "అదే! ఏం గనబడలే. పొగనే లేదు."

తెల్లపొగ వస్తే డీజిలు సిలిండర్లోకి చేరుతోంది గానీ అంటుకోవడం లేదని అర్థం. అప్పుడు కంప్రెషన్నో, నాజిళ్లనో, టైమింగునో అనుమానించాలి. నల్లపొగ అయితే గాలి చాలడం లేదు, ఫిల్టరు మూసుకుపోయిందేమో చూడాలి. అసలు పొగే లేకపోతే డీజిలే చేరలేదు. కాలడానికి అక్కడేమీ లేదు. లక్ష రూపాయల హాఫ్ ఇంజన్ మాట ఆ పది సెకన్లలో కొట్టుకుపోయింది. దానికి కావలసిన పనిముట్టు టార్చిలైటు ఒక్కటే.

డీజిలు అందకపోవడానికీ నాలుగు కారణాలుంటాయి. ఇంజను ఆపే స్టాప్ కేబులు సగంలో ఇరుక్కుపోవచ్చు. అదే అయితే ఎంత తిప్పినా పంపు చుక్క వదలదు. ఉస్తాద్ ముందు దాన్నే వంగి చూశాడు, లీవరు పూర్తిగా వెనక్కొచ్చే ఉంది. ఫిల్టర్లు మూసుకుపోవచ్చు, కానీ అలాగైతే లోడు మీద బండి ఈడ్చలేదు. ట్యాంకులో నీళ్లు చేరవచ్చు. సగం ఖాళీ ట్యాంకు లోపల రాత్రి తేమ చెమటలా పట్టి అడుగుకు దిగుతుంది. అందుకే పాత డ్రైవర్లు సాయంత్రమే ట్యాంకు నింపి పడుకునేవాళ్లు. గిన్నె విప్పి చూస్తే డీజిలు శుభ్రంగానే ఉంది. ఇక మిగిలింది ఒక్కటే.

ఫిల్టరు మీది బ్లీడింగ్ స్క్రూ రెండు చుట్లు వదులు చేశాడు. "మైకో పంపు పక్కన హ్యాండ్ పంపున్నది, కొట్టు" అని కొడుక్కి చెప్పాడు. 2008లో ఆ కంపెనీ పేరు బాష్‌గా మారినా మిస్త్రీల నోట అది ఇప్పటికీ మైకోనే. కొడుకు గుండీ వదులు చేసి కొట్టడం మొదలుపెట్టాడు. మొదట చేతికి ఏమీ తగల్లేదు, ఖాళీ సిరంజిలా మెత్తగా పోయింది. ఇరవై... ముప్ఫై... అప్పుడు స్క్రూ దగ్గర 'పుస్' అంది. నురగ. బుడగలు. మరో పది కొట్టాక నురగ పోయి నిండు ధారగా డీజిలు వచ్చింది. చేతి కింద పంపు గట్టిపడింది. స్క్రూ బిగించి, గుండీ తిప్పి మూసి, "ఇగ కొట్టు" అన్నాడు.

సగం చుట్టులో బండి అందుకుంది.

డ్రైవరు క్యాబిన్లోంచి దూకి వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు. ఉస్తాద్ చేతులు విడిపించుకున్నాడు. "సంబరపడకు తమ్మీ. ఇది మందు గాదు. గాలి పట్టిందని తెలిసింది, ఎక్కడికెల్లి పట్టిందో తెల్వాలె. గాలి ఉండాల్సిన బ్రేకుల లేదు, ఉండొద్దన్న డీజిల్ పైపుల ఉన్నది నీ బండికి!"

ట్యాంకు కింద ఉంటుంది, పంపు పైన ఉంటుంది. ఇంజను తిరిగేటప్పుడు ఫీడ్ పంపు ట్యాంకులోంచి డీజిలును పైకి పీలుస్తుంది. ఆ పీల్చే దారిలో ఎక్కడైనా వెంట్రుకంత సందుంటే బండి నడుస్తున్నంతసేపూ కొద్దిగా గాలి లోపలికి పోతూనే ఉంటుంది తప్ప డీజిలు బయటికి కారదు. ఇంజను దాన్ని ఎలాగో మింగేస్తుంది. బండి ఆగితే మాత్రం అదే సందులోంచి గాలి చేరి, పైపులోని డీజిలు మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. అరగంటలో పెద్దగా జారదు. మూడు గంటలకు జారుతుంది. రాత్రంతా ఆగితే పైపు ఖాళీ. పొద్దున పంపు మళ్లీ ట్యాంకు నుంచి లాక్కురావాలి. అందుకు ఇంజను ఎక్కువసేపు తిరగాలి. కొత్త బ్యాటరీలు నాలుగు రోజులు నయం చేసింది అందుకే, సెల్ఫ్‌ను ఎక్కువసేపు తిప్పాయి గనుక. కాలువ కట్ట నయం చేసిందీ అందుకే. కింద ఎక్కడా చుక్క పడకపోవడంతో ఎవరికీ అనుమానం రాలేదు. పంపు దాటాక సందుంటే డీజిలు బయటికి చిమ్మి పట్టుబడేది. ఇది దొంగ సందు.

ఉస్తాద్ ఫీడ్ పంపుకు ముందు తన తెల్లపైపు ముక్క అమర్చి ఇంజను నడిపించాడు. టార్చి వెలుగులో దాని లోపల సోడాలో లాగా సన్నటి బుడగలు వరసగా పోతున్నాయి. అంటే తప్పు ట్యాంకు వైపే ఉంది. అయినా ఆయనకు తృప్తి లేదు. ఆ రోజు బండిని పనికి పంపి, రాత్రికి ఇంకో పరీక్ష పెట్టించాడు. ట్యాంకు పైపు విప్పేసి, ఒక క్యానులో డీజిలు పోసి, కొత్త పైపుతో నేరుగా పంపుకు కలిపించాడు. కుర్రవాళ్లెవరో క్యానును క్యాబిన్లో పెట్టబోతే ఫోన్లోనే అరిచాడు. "నేల మీద పెట్టుండ్రి! మీద పెడితే కాలువ నీళ్ల లెక్క దానంతటదే పారుతది, ఇగ తప్పు దొరకది."

మర్నాడు పొద్దున క్యాను మీద బండి ఒక్క సెల్ఫ్‌కే లేచింది. పంపు మంచిదే, దాని వాల్వులూ మంచివే, ఇంజను సంగతి చెప్పనక్కర్లేదు. దోషం క్యానుతో బయటపెట్టిన ఆ ఆరడుగుల పైపులోనే ఉంది.

ఉస్తాద్ నేల మీద గోనెపట్టా పరిపించుకుని, కొడుకు వద్దంటున్నా తానే ఛాసిస్ కిందికి దూరాడు. కళ్లతో చూడలేదు, పైపు వెంట వేళ్లు పోనిచ్చాడు. బురద, గ్రీజు, మళ్లీ బురద. ట్యాంకుకు జానెడు దూరంలో వేళ్లు ఆగాయి. బురద గీకితే లోపల బైండింగ్ వైరు చుట్టు కనిపించింది. దాని కింద ఇనుప పైపును కలుపుతూ పచ్చరంగు రబ్బరు ముక్క. పొలంలో మందు కొట్టే స్ప్రేయరు పైపు.

"ఇది ఎవడు పెట్టిండు?"

డ్రైవరు మాట్లాడలేదు. దసరా ముందు రోజు రాత్రి, మిల్లు నుంచి ఖాళీ బండితో వస్తుంటే పాత గొట్టం పగిలింది. అర్ధరాత్రి, రోడ్డు మీద ఎవరూ లేరు. క్యాబిన్లో పడి ఉన్న స్ప్రేయరు పైపు కోసి, పక్కడ్‌తో వైరు బిగించి ఇల్లు చేరాడు. పండగ పోయినంక మార్చుదామనుకున్నాడు. బండి నడుస్తోంది కదా, మరిచిపోయాడు. డీజిలును తట్టుకోలేని ఆ పైపు రోజురోజుకీ గట్టిపడి, వైరు కోసుకున్నచోట సన్నగా బీట వారింది. నెల రోజులుగా నలుగురు మిస్త్రీలకు అన్నీ చెప్పినవాడు ఈ ఒక్కటీ చెప్పలేదు. దాచి కాదు, గుర్తులేక.

"నేనే" అన్నాడు చివరికి.

ఉస్తాద్ ఏదో పెద్ద మాట అంటాడని అందరూ చూశారు. ఆయన కిందనుంచే చెయ్యి చాపి, "పానా ఇయ్యి" అన్నాడు.

కొత్త డీజిలు హోసు ముక్క, రెండు క్లిప్పులు, రెండు రాగి వాషర్లు. అన్నీ కలిపి రూ.200 లోపే. ఉస్తాద్ రూ.500 తీసుకుని, చేతి బ్రేకు బాగుచేయించేదాకా బండి పల్లంలో పెట్టనని డ్రైవరు చేత ఒట్టు వేయించుకున్నాడు. చేతి బ్రేకు పని ఆ సాయంత్రమే అయింది. వెళ్లేముందు ఇంకో మాట కూడా చెప్పాడు. గాలి పీల్చే గొట్టం దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టడం, ఈథర్ స్ప్రే కొట్టడం లాంటివి ఎవరైనా నేర్పితే వినొద్దన్నాడు. అవి పిస్టను పైకి రాకముందే భగ్గుమని రింగులు విరిచేస్తాయి. ఒకసారి మరిగిన ఇంజనుకు రోజూ అదే కావాలి. ఇప్పుడొస్తున్న కొత్త బండ్ల సంగతి వేరట. బీఎస్-6 లారీల కామన్ రైల్ పైపుల్లో వెయ్యి బార్లకు పైబడిన ఒత్తిడి ఉంటుంది. పాత అలవాటుతో నడుస్తున్న ఇంజను మీద నట్టు వదులు చేస్తే డీజిలు ధార తోలు చీల్చుకుని ఒంట్లోకి పోతుంది. "వాటికి కంప్యూటరు పెట్టాలె, వేలు పెట్టొద్దు" అన్నాడు. అయినా ఆ బండ్లకు కూడా పైపులో గాలి పడితే పొద్దున లేవడం కష్టమేనని కొడుకు పక్కనుంచి అందించాడు.

మార్చేసిన పాత బ్యాటరీల మాట ఆ సాయంత్రం డ్రైవరుకు గుర్తొచ్చింది. అవి శుభ్రంగా ఉన్నవే. ఇప్పుడు ఎవరి ట్రాక్టరును లేపుతున్నాయో!

రాత్రి ఆయన క్లీనరు ఇంటికి వెళ్లాడు. చేతిలో కొత్త చెప్పుల జత. కుర్రాడి తల్లి వాటిని చూసి, "బండి మంచిగైందా?" అని అడిగింది. "రేపు పొద్దుగాల నువ్వే వచ్చి చూడు అక్కా" అన్నాడు. ఆమె నిజంగానే వచ్చింది. అయిదింటికి శాలువా కప్పుకుని గేటు దగ్గర నిలబడింది. బండి ఇంటి ముందు చదునైన నేల మీద ఉంది, చక్రాల కింద రాళ్లు లేవు. డ్రైవరు తాళంచెవి కుర్రాడి చేతిలో పెట్టాడు. వాడు క్యాబిన్ ఎక్కి, గేరు న్యూట్రల్లో ఉందో లేదో ఊపి చూసి, తాళం తిప్పాడు. సెల్ఫ్ గొంతు విప్పేలోపే ఇంజను అందుకుంది. బ్రేకు గాలి నిండేదాకా రెండు నిమిషాలు ఆగి, ఇద్దరూ వెళ్లిపోయారు. లోపల స్టవ్వు మీద చాయ్ నీళ్లు ఇంకా వెచ్చబడనే లేదు. ఆ చాయ్ కుర్రాడి తల్లికి దక్కింది.

ఎనిమిది గంటలకు ఎదురింటి ముసలాయన కళ్లు నులుముకుంటూ గేటు దగ్గరికొచ్చాడు.

"ఏమమ్మా, ఇయ్యాల బండి తియ్యలేదా?"

"పోయి మూడు గంటలాయె కాకా."

"అయ్యో! నాకు బాన్సువాడ మొదటి బస్సుండె గదనే" అన్నాడాయన.